మత్తులో ఉన్న పేషెంట్ గుండెను ఎకోతో గమనించడం ఎలా: జిల్లా ఆసుపత్రి థియేటర్ కోసం సమగ్ర మార్గదర్శి

జనరల్ అనస్థీషియా ఇచ్చిన కాసేపటికి బీపీ పడిపోవడం మనలో ఎవరికీ కొత్త కాదు. మానిటర్ మీద పై అంకె 70 కనిపించగానే ఒక చెయ్యి సెలైన్ వైపు, ఇంకో చెయ్యి బీపీ పెంచే ఎఫెడ్రిన్ సిరంజి వైపు వెళ్తాయి. చాలామంది పేషెంట్లు దాంతో తేరుకుంటారు. తేరుకోని వాళ్ల దగ్గరే అసలు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే బీపీ ఎంత ఉందో కఫ్ చెబుతుంది కానీ ఎందుకు పడిందో చెప్పదు.

ఎందుకు పడిందో తెలియాలంటే గుండెను చూడాలి. గుండె ఖాళీగా ఉందా? పిండే బలం తగ్గిందా? కుడివైపు ఉబ్బిందా? చుట్టూ రక్తం గానీ నీరు గానీ చేరిందా? రక్తం బయటికి వెళ్లే దారి మూసుకుపోతోందా? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే మత్తు డాక్టరుకు కావాల్సిన పని చాలావరకు అయినట్టే. కార్డియాలజిస్టు ఇచ్చే పూర్తి రిపోర్టు మనం ఇవ్వక్కర్లేదు, ఇవ్వకూడదు కూడా. కర్నూలు, అనంతపురం, కడప లాంటి ఊళ్లలో రాత్రి రెండింటికి పేగు చిల్లు పడిన కేసు చేసే పీజీకి, కొత్తగా చేరిన కన్సల్టెంటుకు పనికొచ్చేలా దీన్ని రాస్తున్నాను.

ఏ యంత్రం, ఏ ప్రోబ్

ఎకో, అంటే అల్ట్రాసౌండ్‌తో గుండెను చూడడం, రెండు రకాలుగా చేయొచ్చు. ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చూసేది టీటీఈ. అన్నవాహికలోకి ప్రోబ్ దించి వెనక నుంచి చూసేది టీఈఈ. పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి లాగా గుండె ఆపరేషన్లు జరిగే చోట టీఈఈ ఉంటుంది. మిగతా చోట్ల మన చేతికి అందేది నరాల బ్లాకులకు వాడే పోర్టబుల్ యంత్రమే. దానికి పక్కటెముకల సందులోంచి గుండెను చూసే సెక్టార్ ప్రోబ్ ఒక్కటి కొనిపిస్తే చాలు, టీటీఈ మొదలుపెట్టొచ్చు. అది కూడా లేకపోతే పొట్ట స్కానింగ్ చేసే కర్వ్డ్ ప్రోబ్‌తో రొమ్ము ఎముక కింద నుంచి గుండెను చూడండి. బొమ్మ అందంగా ఉండదు. కానీ గుండె చుట్టూ రక్తం ఉందా, గుండె బాగా పిండుతోందా అన్న సంగతి తెలిసిపోతుంది.

యంత్రంలో కార్డియాక్ ప్రీసెట్ పెట్టడం మర్చిపోవద్దు. గుండె ప్రీసెట్‌లో మార్కర్ (ప్రోబ్ ఏ వైపు తిరిగి ఉందో చూపే గుర్తు) స్క్రీన్‌కి కుడివైపు ఉంటుంది, పొట్ట ప్రీసెట్‌లో ఎడమవైపు. ఇది చూసుకోకపోతే కుడి గదిని ఎడమ గది అనుకునే ప్రమాదం ఉంది. లోతు 15 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి తర్వాత సర్దుకోండి. ఈసీజీ లీడ్‌ను ఎకో యంత్రానికి కూడా కలపండి. గుండె నిండే సమయం, పిండే సమయం విడదీయడానికి అదే ఆధారం.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గర్భంలోని బిడ్డ లింగం తెలుసుకోవడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద స్కానింగ్ యంత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుండె చూడడానికే వాడుతున్నాం కదా అని రిజిస్ట్రేషన్ లేని యంత్రాన్ని థియేటర్‌లోకి తేవద్దు. స్నేహితుడి నర్సింగ్ హోంలో ఉన్న యంత్రాన్ని ఒక్క రాత్రికని అడిగి తెచ్చుకోవడమూ వద్దు.

ఆపరేషన్‌కు ముందు: ఎవరికి చూడాలి, ఏం అడగాలి

అందరికీ ఎకో అక్కర్లేదు. ఆయాసం ఉన్నవాళ్లు, కాళ్లవాపు ఉన్నవాళ్లు, గుండెలో మర్మర్ (అదనపు శబ్దం) వినిపించినవాళ్లు, ఇంతకుముందు గుండెపోటు వచ్చినవాళ్లు, తుంటి విరిగిన ముసలివాళ్లు, ఎక్కువ రక్తం పోయే ఆపరేషన్లు, సెప్సిస్‌తో (ఒంటినంతా దెబ్బతీసే ఇన్ఫెక్షన్‌తో) వచ్చిన కేసులు: వీళ్లకు తప్పకుండా చూడండి. మన వైపు కవాటాలను పాడుచేసే రుమాటిక్ గుండె జబ్బు ఇంకా కనిపిస్తూనే ఉంది. పాతికేళ్ల అమ్మాయి గర్భసంచి ఆపరేషన్‌కో పిత్తాశయం రాళ్లకో వస్తుంది. "మెట్లెక్కితే ఆయాసమొస్తాది సార్, రక్తం తక్కువుండాది అన్నారు" అంటుంది. నిజంగా రక్తహీనత ఉండొచ్చు, మైట్రల్ స్టెనోసిస్, అంటే గుండె ఎడమవైపు పై గదికి కింది గదికి మధ్య ఉన్న మైట్రల్ కవాటం సన్నబడడం, కూడా ఉండొచ్చు. ఎకోలో మైట్రల్ కవాటం ముందు రేకు హాకీ కర్రలా వంగి కనిపిస్తే అక్కడ ఆగి కార్డియాలజిస్టును పిలవండి. కవాటం వైశాల్యం 1.5 చదరపు సెం.మీ. లేదా అంతకన్నా తక్కువ ఉంటే అది తీవ్రమైన జబ్బే. అలాంటి గుండెకు సెలైన్ ధారగా పోసినా, నాడి వేగం పెరగనిచ్చినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మన ఎండల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆదోని, పత్తికొండ, తాడిపత్రి వైపు నుంచి బస్సులో వచ్చే పేషెంట్ ఒళ్లు ఎండిపోయే వస్తాడు. దానికి తోడు ఎవరో చెప్పారని రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టడు. కడుపు ఖాళీ అవడంలో ఇబ్బంది లేని పేషెంట్‌కు ముందే పెట్టుకున్న ఆపరేషన్ అయితే, మత్తుకు రెండు గంటల ముందు వరకు మామూలు నీళ్లు తాగొచ్చని వార్డులో నర్సమ్మకు, ఇంటివాళ్లకు నోటితో చెప్పండి. చీటీ మీద రాస్తే సరిపోదు.

మత్తుకు ముందు బొమ్మ తీయడం

ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇదే. పేషెంట్ మెలకువగా, తన ఊపిరి తనే తీసుకుంటున్నప్పుడు తీసిన బొమ్మ చేతిలో లేకపోతే, మత్తులో తీసిన బొమ్మ విలువ సగానికి పడిపోతుంది. గుండె బలహీనంగా కనిపిస్తే అది పాత సంగతా, ఇప్పుడు మనమిచ్చిన మందు వల్లనా? పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా చెప్పలేరు. ఐదు నిమిషాల పని ఇది.

పేషెంట్‌ను కొంచెం ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. రొమ్ము ఎముకకు ఎడమ పక్కన, మూడో నాలుగో పక్కటెముకల సందులో, మార్కర్ కుడి భుజం వైపు ఉండేలా ప్రోబ్ పెడితే పొడవు కోత వస్తుంది. అక్కడే మార్కర్‌ను ఎడమ భుజం వైపు తిప్పితే అడ్డకోత వస్తుంది. గుండె కొన తగిలే చోట మార్కర్ ఎడమకు ఉంచితే నాలుగు గదులు కనిపిస్తాయి, ప్రోబ్ తోక కొంచెం కిందికి దించితే అయోర్టా (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) దారి కూడా తెరుచుకుంటుంది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడవమని చెప్పి, రొమ్ము ఎముక కింద నుంచి ప్రోబ్‌ను దాదాపు పొట్టకు ఆనించి చూడండి. అక్కడే మార్కర్‌ను తల వైపు తిప్పితే కింది మహాసిర, అంటే ఐవీసీ, కుడి కర్ణికలో (పై గదిలో) కలిసే చోటు వస్తుంది.

ప్రతి చోటా క్లిప్ సేవ్ చేయండి. పక్కన ఆ సమయానికి ఉన్న బీపీ, నాడి రాయండి. ఏ చోట బొమ్మ బాగా వచ్చిందో అక్కడ చర్మం మీద మార్కర్ పెన్‌తో గీత పెట్టండి. గుడ్డలు కప్పాక ఆ గీత ఎంత సాయం చేస్తుందో మీరే చూస్తారు.

ట్యూబు వేశాక మారేవి

వెంటిలేటర్ ఊపిరి నింపినప్పుడు ఊపిరితిత్తి గుండె ముందుకు వచ్చి బొమ్మను కప్పేస్తుంది. పేషెంట్ వెల్లకిలా ఉంటాడు కాబట్టి గుండె ఛాతీ గోడకు దూరం జరుగుతుంది. పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తిలో ఉంచే ఒత్తిడి) ఎక్కువ పెడితే ఇంకా కష్టం. ఊపిరి బయటికి వదిలిన చివర వెంటిలేటర్‌ను కొన్ని సెకన్లు ఆపి క్లిప్ తీసుకోండి, వెంటనే మళ్లీ ఆన్ చేయండి. ఆన్ చేశానని పైకి అనడం అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న పేషెంట్‌లో ఈ పని చేయొద్దు. టేబుల్‌ను కాస్త ఎడమకు వంచితే గుండె కొన దగ్గర బొమ్మ మెరుగవుతుంది.

పొట్ట ఆపరేషన్లలో రొమ్ము ఎముక కింది చోటు సర్జన్‌దే. మనకు మిగిలేది గుండె కొన, రొమ్ము ఎముక పక్క. తల, కాలు, చెవి ముక్కు గొంతు ఆపరేషన్లలో అయితే కింది చోటే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. కాటరీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) వాడుతున్నప్పుడు స్క్రీన్ అంతా గీతలతో నిండిపోతుంది. కొన్ని సెకన్లు ఆపమని సర్జన్‌ను అడగండి. ఎందుకో ముందే చెప్పి ఉంచితే ఎవరూ విసుక్కోరు.

ఐవీసీ దగ్గర పీజీలు ఎక్కువగా పొరబడతారు. సొంతంగా ఊపిరి తీసుకునే మనిషిలో ఊపిరి లోపలికి పోయినప్పుడు ఐవీసీ కుంచించుకుపోతుంది. వెంటిలేటర్ మీద దీనికి తలకిందులు: ఊపిరి లోపలికి తోసినప్పుడు అది ఉబ్బుతుంది. కాబట్టి వార్డులో నేర్చుకున్న లెక్క ఇక్కడ చెల్లదు. పెద్ద వెడల్పులోంచి చిన్న వెడల్పు తీసేసి, చిన్న వెడల్పుతో భాగించాలి. అది 18 శాతం దాటితే సెలైన్‌కు స్పందించే అవకాశం ఉందని సెప్సిస్ పేషెంట్లలో చూశారు. అది కూడా ఊపిరి పరిమాణం కిలోకు 8 మి.లీ. దగ్గర ఉండి, నాడి క్రమంగా ఉండి, పేషెంట్ సొంత ఊపిరి ప్రయత్నం లేనప్పుడే. లాప్రోస్కోపీలో గ్యాస్ ఎక్కించడం వల్ల పొట్టలో 12 నుంచి 15 మి.మీ. పాదరసం ఒత్తిడి ఉంటుంది కనుక ఐవీసీ నొక్కుకుపోతుంది. అక్కడ ఐవీసీ చూసి నిర్ణయం తీసుకోవద్దు.

గుండె ఎంత రక్తం పంపుతోంది: వీటీఐ

ఒకే ఒక్క కొలత నేర్చుకుంటాను అంటే ఇదే నేర్చుకోమంటాను. ఎడమ జఠరిక (కింది గది) నుంచి అయోర్టాకు వెళ్లే దారిలో ఒక్క దెబ్బకు రక్తం ఎంత దూరం జరిగిందో చెప్పేది వీటీఐ. మామూలుగా 18 నుంచి 22 సెం.మీ. ఉంటుంది.

గుండె కొన దగ్గర అయోర్టా దారి కనిపించే బొమ్మ తెచ్చుకోండి. రక్తం వేగం కొలిచే పల్స్ డాప్లర్ గుర్తును అయోర్టిక్ కవాటానికి అర సెంటీమీటరు ఇవతల, జఠరిక వైపు పెట్టండి. డాప్లర్ గీత, రక్తం పోయే దారి దాదాపు ఒకే వరుసలో ఉండాలి. కోణం 20 డిగ్రీలు దాటితే అంకె తక్కువగా వస్తుంది. వచ్చిన త్రికోణం అంచు గీస్తే యంత్రం వీటీఐ చూపిస్తుంది. నాడి క్రమంగా ఉంటే మూడు దెబ్బల సగటు, నాడి గతి తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే కనీసం ఐదు దెబ్బల సగటు తీసుకోండి.

ఆ దారి వెడల్పు 2 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 0.785 × 2 × 2, అంటే 3.14 చదరపు సెం.మీ. వీటీఐ 20 అయితే ఒక్కో దెబ్బకు 63 మి.లీ. దాకా రక్తం బయటికి పోతోంది. నాడి 70 అయితే నిమిషానికి 4.4 లీటర్లు. ఇక్కడ ఒక చిక్కుంది. వెడల్పును 2 బదులు 1.8 అని కొలిస్తే వైశాల్యం 2.54కి పడిపోతుంది, లెక్క మొత్తం దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. అందుకే థియేటర్‌లో నేను వెడల్పు జోలికి వెళ్లను. ఆ వెడల్పు ఆపరేషన్ మధ్యలో మారదు కాబట్టి వీటీఐ ఒక్కటే మళ్లీ మళ్లీ చూసుకుంటే చాలు.

మత్తుకు ముందు 20 ఉన్నది ఇప్పుడు 14కి వచ్చింది, గుండె బాగానే పిండుతోంది అనుకోండి. 250 మి.లీ. సెలైన్ పది నిమిషాల్లో ఇచ్చి మళ్లీ కొలవండి. 14 కాస్తా 17 అయితే ఆ ద్రవం పనికొచ్చింది, ఇంకొంచెం ఇవ్వొచ్చు. 14.5 దగ్గరే ఉంటే ఇక సెలైన్ ఆపండి, కారణం వేరే చోట ఉంది. 10 నుంచి 15 శాతం పెరుగుదలను హద్దుగా పెట్టుకోండి. ప్రోబ్ పెట్టిన చోటు, కోణం, వెంటిలేటర్ సెట్టింగ్ రెండుసార్లూ ఒకేలా ఉండాలి. ఒకరే రెండుసార్లు కొలిస్తే మేలు.

బీపీ పడినప్పుడు చూసే వరుస

ముందు చేయాల్సిన పని ఆపొద్దు. ఆక్సిజన్ చూడండి, మత్తు గాలి తగ్గించండి, రక్తం పోతోందేమో సర్జన్‌ను అడగండి. ఆ పని జరుగుతుండగానే ఒకరు ప్రోబ్ పెట్టాలి.

ఎడమ జఠరిక చిన్నగా ఉండి, పిండినప్పుడు లోపలి గోడలు ఒకదానికొకటి తాకుతుంటే గుండె ఖాళీగా ఉంది. నిండినప్పుడు మామూలు సైజులోనే ఉండి, పిండాక మాత్రమే బాగా చిన్నదైపోతుంటే రక్తనాళాలు వదులైపోయాయి. సెప్సిస్, స్పైనల్‌తో కలిపి ఇచ్చిన మత్తు, ప్రొపోఫాల్ మత్తుమందు ఇచ్చిన కొత్తలో ఈ బొమ్మ కనిపిస్తుంది. మొదటిదానికి ద్రవం గానీ రక్తం గానీ కావాలి, రెండోదానికి నాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ లేదా ఫినైల్‌ఎఫ్రిన్. ఈ తేడా కఫ్ బీపీలో ఎప్పటికీ కనిపించదు. చాలాకాలంగా బీపీ ఉన్న పేషెంట్‌లో గోడలు మందమై గది ఎప్పుడూ చిన్నగానే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మత్తుకు ముందు బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఆ అనుమానం తీరుతుంది.

జఠరిక పెద్దదై, గోడలు నీరసంగా కదులుతుంటే బలం తగ్గింది. గోడ కదలడం కాదు, మందం కావడం చూడాలి. పక్క గోడ లాగినా కదులుతుంది కానీ మందం కాదు. ఒక్క భాగమే పనిచేయడం లేదంటే ఆ భాగానికి రక్తమిచ్చే నాళం మూసుకుపోయిందేమోనని అనుమానించండి. ఈసీజీలో మార్పు రాకముందే గోడలో తేడా కనిపిస్తుంది. ఇక్కడ సెలైన్ హాని చేస్తుంది. మత్తు తేలిక చేయడం, గుండెకు బలమిచ్చే డోబుటమిన్ లేదా అడ్రినలిన్ మొదలుపెట్టడం, ఆక్సిజన్, హిమోగ్లోబిన్ సరిచూడడం ముఖ్యం.

కుడి జఠరిక మామూలుగా ఎడమదానికి మూడింట రెండు వంతులు మించదు. అది ఎడమదానితో సమానమైతే, మధ్య గోడ ఎడమకు నొక్కుకుపోయి అడ్డకోతలో గది డీ ఆకారంలోకి వస్తే కుడివైపు భారం పడింది. తుంటి ఆపరేషన్‌లో సిమెంట్ పెట్టిన కొన్ని నిమిషాలకో, లాప్రోస్కోపీలో గ్యాస్ ఎక్కిస్తున్నప్పుడో, చాలా రోజులు మంచాన ఉన్న పేషెంట్‌లో హఠాత్తుగానో ఇది వస్తే ఎంబాలిజం, అంటే రక్తంలో కొట్టుకొచ్చినది ఏదో ఊపిరితిత్తుల నాళానికి అడ్డుపడడం, అనుకోండి. గదిలో తెల్లటి బుడగలు పరుగెడుతుంటే గాలి లేదా సిమెంట్, కొవ్వు ముక్కలు వచ్చినట్టు.

గుండె చుట్టూ నల్లటి పట్టీ ఉండి, కుడి కర్ణిక గానీ కుడి జఠరిక గానీ నిండాల్సిన సమయంలో లోపలికి కుంగుతుంటే అది టాంపొనేడ్, అంటే చుట్టూ చేరిన ద్రవం గుండెను నొక్కేయడం. హైవే యాక్సిడెంట్ కేసుల్లో దీన్ని మత్తు ఇవ్వకముందే వెతకండి. మత్తు ఇచ్చి వెంటిలేటర్ పెట్టిన మరుక్షణం ఈ పేషెంట్లు కుప్పకూలతారు.

చివరిది అరుదు, కానీ అన్నిటికన్నా మోసకారి. గుండె గోడ మందంగా ఉన్న మనిషిలో ద్రవం తగ్గి గుండె ఖాళీ అయితే మైట్రల్ రేకు ముందుకు లాగబడి అయోర్టా దారికి అడ్డం పడుతుంది. మనం బీపీ కోసం అడ్రినలిన్, ఎఫెడ్రిన్ ఇచ్చేకొద్దీ బీపీ ఇంకా పడుతుంది. ఎకో చూడకపోతే ఇది ఎవరికీ తట్టదు. ఇక్కడ చికిత్స పూర్తిగా తలకిందులు: అడ్రినలిన్ ఆపాలి, ద్రవం ఇవ్వాలి, ఫినైల్‌ఎఫ్రిన్ ఇవ్వాలి, నాడి తగ్గించడానికి ఎస్మొలాల్. ఈ ఒక్క బొమ్మ కోసమైనా ఎకో నేర్చుకోవాలని నా అభిప్రాయం.

గుండె ఆగిపోయి సీపీఆర్ నడుస్తుంటే, నాడి చూసే పది సెకన్లలోనే రొమ్ము ఎముక కింద క్లిప్ రికార్డ్ చేయండి. ఒత్తడం మళ్లీ మొదలయ్యాక క్లిప్ చూడండి. బొమ్మ కోసం ఒత్తడం ఆగకూడదు.

టీఈఈ ఉన్న చోట

ముందు పేషెంట్‌ను కూర్చోబెట్టి అడగండి: "పెద్దాయనా, సంగటి ముద్ద మింగేటప్పుడు ఎదలో అడ్డం పడినట్టు ఉంటాదా?" మింగడంలో ఇబ్బంది ఏమైనా ఉందా అని పుస్తకంలో ఉన్నట్టు అడిగితే లేదు అంటారు. సంగటి గురించి అడిగితే నిజం బయటికొస్తుంది. అన్నవాహిక సన్నబడడం, అక్కడ గడ్డ, చిల్లు, పై జీర్ణాశయంలో రక్తస్రావం ఉంటే టీఈఈ వద్దు. లివర్ జబ్బుతో ఉబ్బిన సిరలు, రక్తం గడ్డకట్టని స్థితి, మెడ ఎముకల జబ్బు ఉంటే లాభనష్టాలు బేరీజు వేసుకోండి. ఊగే పళ్లు చూడండి. అనుమతి పత్రంలో టీఈఈ పేరు విడిగా రాయించండి.

ట్యూబు వేసి కట్టాక కడుపులో గాలి, నీళ్లు పీల్చేసి ఆ గొట్టం తీసేయండి. నోటిలో బైట్ గార్డ్ పెట్టండి, పేషెంట్ మత్తులో ఉన్నా సరే. ప్రోబ్‌కు జెల్ బాగా రాసి, దవడ ముందుకు లాగి, మధ్యగీత వెంట మెల్లగా దించండి. అడ్డు తగిలితే తోయవద్దు. లారింగోస్కోప్‌తో కళ్లారా చూస్తూ మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ దిగకపోతే మానేయండి. ప్రోబ్ కొనను వంచి లాక్ చేసిన స్థితిలో ఎప్పుడూ కదపొద్దు.

పళ్ల నుంచి 30 నుంచి 35 సెం.మీ. లోతులో, సున్నా నుంచి 20 డిగ్రీల దగ్గర నాలుగు గదులు కనిపిస్తాయి. అక్కడే కోణాన్ని 90 దగ్గరికి తిప్పితే రెండు గదులు, 120 నుంచి 140 మధ్య అయోర్టా దారితో పొడవు కోత. ఇంకా కిందికి, 40 నుంచి 45 సెం.మీ.కి కడుపులోకి దిగి కొనను ముందుకు వంచితే ఎడమ జఠరిక అడ్డకోత వస్తుంది. ఆపరేషన్ అంతా ఈ బొమ్మ దగ్గరే ఎక్కువసేపు ఉండండి. గుండెకు రక్తమిచ్చే మూడు కరోనరీ నాళాల భాగాలూ ఒకే చోట కనిపిస్తాయి, గుండె ఖాళీ అయినా వెంటనే తెలుస్తుంది. టీఈఈలో కింది గోడ స్క్రీన్ పైభాగాన ఉంటుందని కొత్తవాళ్లు గుర్తుంచుకోవాలి. అమెరికా ఎకో సొసైటీ, కార్డియోవాస్కులర్ అనస్థీషియా సొసైటీ 2013లో ప్రాథమిక టీఈఈకి 11 బొమ్మలు సూచించాయి. వాటిలో ఈ నాలుగు ముందు పట్టుబడాలి.

చూడనప్పుడు బొమ్మను ఫ్రీజ్ చేసి ఉంచండి, లేకపోతే ప్రోబ్ వేడెక్కుతుంది. తీశాక ప్రోబ్ మీద రక్తం ఉందేమో చూడండి. ఆపరేషన్ తర్వాత ఎద నొప్పి, మింగితే నొప్పి, మెడలో గాలి ఉబ్బు ఉంటే వార్డు నుంచి వెంటనే ఫోన్ చేయమని చెప్పి వెళ్లండి.

శుభ్రం, రికార్డు, సాధన

టీఈఈ ప్రోబ్‌ను తుడిచి, ఎంజైమ్ ద్రావణంతో కడిగి, పగుళ్లు లేవని చూసి, కంపెనీ చెప్పిన ద్రావణంలో చెప్పినంతసేపు నానబెట్టాలి. 2 శాతం గ్లుటరాల్డిహైడ్ అయితే మన దగ్గర మామూలుగా 20 నిమిషాలు. పిడి తడవకూడదు. తర్వాత శుభ్రమైన నీళ్లతో బాగా కడగాలి, ఆ రసాయనం మిగిలితే తర్వాతి పేషెంట్ గొంతు కాలుతుంది. నిలువుగా వేలాడదీసి ఆరబెట్టండి. ఛాతీ మీద పెట్టే ప్రోబ్‌ను కూడా ప్రతి కేసు తర్వాత తుడవండి.

అనస్థీషియా చార్టులో సమయం, బీపీ, నాడి, వీటీఐ, ఐదు ప్రశ్నలకు ఒక్కో మాట జవాబు, దాన్ని చూసి ఏం చేశారో రాయండి. బొమ్మ సరిగా రాకపోతే రాలేదనే రాయండి. అనుమానం ఉన్న క్లిప్‌ను మరుసటి రోజు కార్డియాలజిస్టుకు చూపించండి.

సాధన ఆరోగ్యంగా ఉన్న, చిన్న ఆపరేషన్లకు వచ్చిన పేషెంట్లతో, వాళ్ల అనుమతితో మొదలుపెట్టండి. మామూలు గుండె ఎన్నోసార్లు చూసిన కంటికే జబ్బు గుండె వెంటనే తెలుస్తుంది. టీఈఈ మాత్రం వర్క్‌షాప్ లేకుండా సొంతంగా మొదలుపెట్టవద్దు. గుండె, ఛాతీ ఆపరేషన్ల మత్తు డాక్టర్ల భారతీయ సంఘం ఐఏసీటీఏ శిక్షణ తరగతులు, టీఈఈ ఫెలోషిప్ పరీక్ష నడుపుతోంది. అమెరికాలో ప్రాథమిక టీఈఈ సర్టిఫికెట్‌కు 150 పరీక్షలు చదవాలి, అందులో కనీసం 50 తన చేత్తో చేసి ఉండాలి. మన దగ్గర కూడా పీజీ లాగ్‌బుక్‌లో ఎకోకు ఒక పేజీ కేటాయించి, సీనియర్ సంతకంతో నింపుతూ పోండి.